పిడికెడు బియ్యము – మా సాలూరు ప్రయాణము

దసరా సెలవులు వచ్చినవన్న మాట వినబడగానే బడిపంతులుగారి యింట ప్రయాణపు మాట పుట్టుట సహజము. కొందరు తిరుపతి యందురు, కొందరు కాశి యందురు. ఈ యేడు మాత్రము మేము సాలూరు పోవుదమంటిమి. మా వారు ఆశ్చర్యపడి, “సాలూరున నేమున్నది? లారీలును కొండలును తప్ప!” అనిరి. “అచ్చట మాకొక ఋణము కలదు” అని మాత్రము చెప్పితిమి. ఆ ఋణమేదో ముందుగా మీకు మనవిచేసి, పిమ్మట ప్రయాణకథలోనికి పోయెదము.

మా పుట్టినిల్లు శ్రీకాకుళమునకు సమీపమున నాగావళి యొడ్డున నున్న యొక చిన్న గ్రామము. మా తండ్రిగారు పురాణము చెప్పువారు. అమరమును, రఘువంశమును, భాగవతమును ఆయనయే మాకు యింట చెప్పిరి. మా చిన్నతనమున ప్రతి శనివారమును మా వీధికి ఒక స్త్రీ భిక్షకు వచ్చెడిది. ఆమెకు పెద్దరోగము. చేతివ్రేళ్లు సగము సగముగా అరిగిపోయినవి. కాళ్లకు గోనెగుడ్డలు చుట్టుకొనెడిది. మా తల్లిగారు దయగలవారు. పిడికెడు బియ్యమో, చోడి అంబలియో యెన్నడును లేదనలేదు. కాని ఆ స్త్రీ తన డబ్బాను అరుగు చివర పెట్టి దూరముగా తొలగవలెను. మా తల్లిగారు పైనుండి అందులో పోయవలెను. పిల్లలమగు మేము గుమ్మము దాటరాదు. ఇట్లు ఎనిమిది సంవత్సరములు జరిగినది. ఒక వానకాలమున ఆమె రాలేదు. చనిపోయియుండునని వీధివారనుకొని మఱచిరి.

కొన్ని నెలలకు చర్చి తరపున ఊరూర తిరుగు ఒక బైబిలు స్త్రీ మా యూరికి వచ్చి నిజము చెప్పినది. ఆ దీనురాలు సంతపాకలో వాననీటిలో పడియుండగా తాను చూచి, బస్సువారు ఎక్కించుకొననందున లారీవానిని బ్రతిమాలి, సాలూరు కుష్ఠువైద్యశాలకు చేర్చినదట. మా తల్లిగారా మాట విని కన్నీరు పెట్టుకొని, “మనము కూడు పెట్టితిమి గాని, అది రాత్రి యెచ్చట పండుకొనునో అడుగనే లేదు గదే!” అనిరి. ఆ మాట మా మనస్సున ముల్లువలె నాటుకొని నేటికిని పోలేదు. మేము చెప్పిన ఋణమిదియే.

మా కాపురము విజయనగరము. తెల్లవారగట్ల బస్సెక్కి గజపతినగరము దాటి, రామభద్రపురపు కూరగాయల సంతలో కొంతసేపు నిలిచి, రెండు జాములు కాకమునుపే సాలూరు చేరితిమి. వేగావతి యొడ్డున నున్న యీ పట్టణమునకు వెనుక తూర్పు కనుమలు గోడ కట్టినట్లుండును. ఆ కొండలనెక్కియే కొరాపుటునకు పోవలెను. వీధికిరుప్రక్కల లారీలు, లారీల మరమ్మతు పాకలు. 2022వ సంవత్సరము ఏప్రిలు వరకు విజయనగరము జిల్లాలోని యీ యూరు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది.

ఈ మారుమూలకు యూరపుఖండమునుండి మనుష్యులెట్లు వచ్చిరో వినుడు. జర్మనీదేశమున ష్లెస్విగ్ హోల్‌స్టెయిన్ ప్రాంతమున బ్రెక్లుం అను పల్లె కలదు. అచ్చటి క్రైస్తవగురువగు క్రిస్టియన్ యెన్సెన్ 1876లో నొక మిషనును స్థాపించెను. వారి మొదటి మిషనరీలిరువురు 1882లో మన తీరమునకు వచ్చి, మఱుసటి యేడు సాలూరున నిలుకడ యేర్పఱచుకొనిరి. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో వారు ఇచ్చట కుష్ఠురోగులకై యొక యాశ్రయము కట్టిరి. అదియే పిమ్మట ఫిలడెల్ఫియా ఆస్పత్రి యను పేర ప్రసిద్ధమైనది. ఫిలడెల్ఫియా యనగా గ్రీకుభాషలో సోదరప్రేమ యని యర్థము. 1914లో యూరపుయుద్ధము రాగా, ఆంగ్లప్రభుత్వము ఆ జర్మనులను శత్రుదేశీయులని నిర్బంధించెను. అప్పుడు తెలుగుదేశముననే పనిచేయుచున్న అమెరికా లూథరనులు వారి సంఘములను కనిపెట్టిరి. దొరలు పోయినను రోగులు పోలేదు; రోగులున్నంతకాలము పని యాగరాదు గదా! తరువాతి కాలమున ఈ ఆస్పత్రి లెప్రసీ మిషను వారి నిర్వహణలోనికి వచ్చినది.

మేము పోవునప్పటికి ఆవరణలో వేపచెట్లనీడను కొందరు రోగులు తొట్లలోని నీటిలో పాదములుంచి కూర్చుండిరి. ఇదేమి వేడుక యని మొదట తోచినది. నర్సమ్మగారు వివరించిరి. ఈ వ్యాధి నరములను చెఱచును. అందుచే చేతులకు, కాళ్లకు స్పర్శ పోవును. ముల్లు గ్రుచ్చుకొన్నను, నిప్పు కాలినను తెలియదు. పుండు పడును, అది ముదిరి యెముకను తినును. వ్రేళ్లు రాలిపోవుటకు వ్యాధియొక్కటే గాక యీ తెలియని గాయములే ముఖ్యకారణము. కావున ప్రతిదినమును పాదములు నానబెట్టి, గట్టిపడిన చర్మమును గీకి, నూనె రాచి, మెత్తని రబ్బరు అట్టగల చెప్పులు తొడిగించెదరు. ఆ మాట వినగానే గోనెగుడ్డలు చుట్టుకొన్న ఆ కాళ్లు మా కన్నులయెదుట నిలిచినవి. ఆమెకు కావలసినది మా యంబలి యొక్కటే కాదు, ఒక జత చెప్పులు!

ఒక వృద్ధురాలు, మా తల్లిగారి యీడుది, తన ప్రక్కనున్న అరుగును చేతితో తుడిచి మమ్ము కూర్చుండుమనెను. కూర్చుంటిమి. కొంతసేపు మాటలాడకుండ మా ముఖము చూచి, “కూడు ఎవులో ఒకలు ఎడతారు తల్లీ, పక్కన కూకునే మనిసే నేదు” అనినది. మేమెన్ని గ్రంథములు చదివితిమో గాని, అన్నదానమును గూర్చి యింత సూటియైన మాట యెచ్చటను వినలేదు.

మా కథ చెప్పి, ఆ స్త్రీ యెన్నాళ్లు బ్రదికెనో, యెట్లు గతించెనో తెలిసికొనగోరి వచ్చితిమని నర్సమ్మగారితో మనవిచేసితిమి. ఆమె దయతో, “పాత పుస్తకములు వెదకించెదము. పేరేమి?” అనిరి.

మేము నోరు తెఱచి యట్లే యుండిపోతిమి. పేరు తెలియదు. ఎనిమిది సంవత్సరములు మా యింటి బియ్యము తిన్న మనిషి పేరు మేమడుగలేదు, మా తల్లిగారడుగలేదు, మా వీధిలో నెవ్వరును అడుగలేదు. శనివారపుది యనియే మేమామెను పిలిచితిమి. ఇచ్చట గుమ్మములో నడుగిడిన ప్రతివ్యక్తికిని మొదట అడుగునది పేరు. పేరులేక పుస్తకమేమి వెదకగలరు? మా ఋణము తీరలేదు. చేతనైనంత ద్రవ్యము చెప్పులకని యిచ్చి, తల వంచుకొని వచ్చితిమి.

సాలూరునుండి బొబ్బిలికి బస్సులో పోవుచుండగా మా వారొక ప్రశ్న వేసిరి. అది మీకును తోచియేయుండును. “అంతయు బాగుగనే యున్నది. కాని ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి మతము చెప్పుట న్యాయమా? ఆకలియందు మనుష్యుడు దేనికైన ఊకొట్టును గదా!” ఈ ప్రశ్న చిన్నది కాదు. నూటయేబది సంవత్సరములుగా మన దేశమున అడుగుచున్నదే. నిజాయితీగల మిషనరీలు తమలో తామును అడుగుకొన్నదే.

ఇందుకు మన తెలుగుదేశమున నొక గొప్ప దృష్టాంతము కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ జిల్లాలను ధాతకరవు పీడించెను. ఒంగోలునందు జాన్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు గురువు, ఊరక గంజి పోయుటకంటె పని కల్పించుట మేలని తలంచి, బకింగుహాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొనెను. అంటరానివారని యితర శిబిరములలో తిట్లుతినుచుండిన మాదిగలు మొదలగువారిపై తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. పనివారు గుంపులుగా వచ్చి బాప్తిస్మమడిగిరి. ఆయన ఈయలేదు. కరవుసహాయము జరుగుచున్నంతకాలము ఒక్కరికిని ఈయననెను. సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మయేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము ఆపిన తరువాత వచ్చిరి గావున అది విశ్వాసమే యని ఆయన పక్షమువారనిరి. అన్నమును మఱవనందుననే వచ్చిరని ఎదిరిపక్షమువారనిరి. మాకు తోచిన దిది: వారు వచ్చినది కేవలము అన్నమునకును కాదు, కేవలము బోధకును కాదు. తమను తిట్టక పేరుపెట్టి పిలిచిన చోటికి వచ్చిరి.

ఇట్లని దోషములు దాచరాదు. ఆనాటి మిషనరీల వ్రాతలలో మన దేవతలను, మన యాచారములను గూర్చిన తృణీకారము చూచినప్పుడు మనస్సు నొచ్చును. అన్నమును ఎరగా చూపువాడు ఏ మతమువాడైనను దాత కాడు, వర్తకుడు. చర్చిలలోను కులము పూర్తిగా నశింపలేదని క్రైస్తవ సోదరులే చెప్పుకొందురు. అయినను మనమొక ప్రశ్న వేసికొనవలెను. మన గుమ్మము తెఱచియున్నచో, ఆ స్త్రీ లారీ యెక్కి పరుల గుమ్మమునకు పోవలసియుండెడిదా? భాగవతమున రంతిదేవుడు నలువదియెనిమిది దినములు ఉపవసించి, దొరికిన యన్నమునంతయు అతిథులకు పంచి, తుదకు మిగిలిన నీటిని సయితము చండాలునకు పోసెను. మా తండ్రిగారు ఆ ఘట్టమును చదువునప్పుడు కంఠము గద్గదమయ్యెడిది. శనివారమున ఆ డబ్బా అరుగుపైననే యుండెడిది. కథకును అరుగునకును నడుమ నున్న దూరమును మేమప్పుడు చూడలేదు.

మనవారిలోను ఆ దూరమును దాటినవారు లేకపోలేదు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు, 1909లో గతించువరకు, వేళగాని వేళనైనను ఆకలియన్నవారికి వండి పెట్టిరి. నేడు మన పాఠశాలల మధ్యాహ్నభోజనమునకు ఆ తల్లి పేరే పెట్టిరి. 1958లో రాణీ కుముదినీదేవిగారు హైదరాబాదు కూకట్‌పల్లిలో కుష్ఠురోగులకు శివానందాశ్రమమును స్థాపించిరి. కావున ఇది యొక మతపు సొత్తు కాదు. కాని ఉత్తరాంధ్రమున ఈ పనికి ముందుగా నడుము కట్టినవారిలో క్రైస్తవ సంఘములు కలవని యొప్పుకొనుట న్యాయము.

బొబ్బిలి యనగానే మనకు కోటయు, వీణయు జ్ఞాపకము వచ్చును. అచ్చట 1879 మొదలుకొని చర్చిల్ దంపతులను కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిరి. వారిలో మటిల్డా చర్చిల్‌గారు ఆడుపిల్లలకు బడి నడపిరి. ఈ కెనడావారి రాకకు మూలము స్త్రీలే. నోవాస్కోషియా యను సముద్రతీరప్రాంతమున హన్నా మరియా నారిస్ అను యువతి తనను తూర్పుదేశములకు పంపుడని పెద్దలనడుగగా, ద్రవ్యము లేదనిరి. ఆమె 1870లో పల్లెపల్లెకు తిరిగి, కొలదినెలలలో ముప్పదికి పైగా స్త్రీసమాజములు స్థాపించినది. చేపలు పట్టువారి, సేద్యగాండ్ర యిల్లాండ్రు ఇంటిఖర్చులో మిగిల్చిన చిన్న నాణెములే ఆ సమాజముల ధనము. ఆమెయే పిమ్మట ఆర్మ్‌స్ట్రాంగుగారిని వివాహమాడి, మన శ్రీకాకుళమున కొంతకాలము నివసించినది. వీరికి ముందే, 1849లో, సవాయ్ దేశపు ఆనెసీ పట్టణమునుండి సెయింట్ జోసెఫ్ కన్యాస్త్రీలు యానాము రేవున దిగి విశాఖపట్టణమునందు బడులు, అనాథాశ్రయములు నడప మొదలిడిరి. ఆ కతోలిక సంఘము మన ప్రాంతమున వ్యాపించి, 1993లో శ్రీకాకుళము ప్రత్యేక మేత్రాసనమైనది.

రాజాము మీదుగా శ్రీకాకుళము చేరి, పుట్టినింట రెండురాత్రులుంటిమి. ఆదివారమునాడు ఆ బైబిలు స్త్రీని చూడబోతిమి. ఆమె యిప్పుడు ముదుసలి. తమ చర్చికి తోడ్కొనిపోయినది. ఆరాధన ముగియునప్పుడు స్త్రీలు వరుసగా లేచి, కొంగుచాటున తెచ్చిన చిన్న సంచులలోని బియ్యమును ఒక పెద్దగంపలో పోసిరి. ఇది తెలుగు చర్చిలలో పాత యాచారము. దోర్నకలునందు 1912 మొదలు 1945 వరకు బిషపుగానుండిన అజరయ్యగారి కాలమున మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇల్లాలు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరుకుండలో నుంచును, వారాంతమున చర్చికిచ్చును. పూర్వము ఆ బియ్యము చాలవఱకు పాదిరిగారి పోషణకు పోయెడిది. ఇచ్చట మాత్రము అందులో కొంత దిక్కులేని వృద్ధులకు, విధవలకు వండి పెట్టెదరట. వడ్డించునప్పుడు తామును వారితో కూర్చుండి తినుట వారి కట్టడి.

మాకిది క్రొత్త కాదు. మా యత్తవారింట పూర్వము వారములు చేసికొను పేదవిద్యార్థులకు దినమున కొకయింట భోజనము పెట్టెడివారు. వారిలో చదివి పెద్దయుద్యోగములు చేసినవారు కలరు. ఆ పిల్లలకు మన యింట పంక్తి యుండెను, పేరుండెను. ఆ శనివారపు స్త్రీకి రెండును లేవు. పెట్టిన చేయి ఒక్కటే. భేదమంతయు కూర్చుండుటలో నున్నది.

ఆ ముదుసలి మఱియొక మాట చెప్పినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను పడగొట్టినప్పుడు, పక్కాకప్పు గల చోటు బడియో, గుడియో, చర్చియో యెవ్వరును అడుగలేదట. ఆ రాత్రి తల దాచుకొనుటయే మతము. 2020లో వలసకూలీలు జాతీయరహదారివెంట ఒరిస్సా, వంగదేశములకు నడచిపోవుచుండగా, గుడివారును, చర్చివారును, మసీదువారును ఒకే త్రోవప్రక్కన పొట్లములు పంచుటను మేమును కన్నులార చూచితిమి.

మఱునాడు శ్రీకాకుళం రోడ్డు స్టేషనున బండి యెక్కి సోంపేట వఱకు పోయివచ్చితిమి. అచ్చటి ఆరోగ్యవరం కంటియాస్పత్రిలో కెనడావైద్యుడు బెన్ గలిసన్ బహుకాలము పనిచేసెను. కన్ను పోయిన పేద క్రమముగా కూలి పోగొట్టుకొని బిచ్చగాడగుట మన గ్రామములలో సామాన్యము. శుక్లము తీసినచో అతడు మరల తన కూడు తాను సంపాదించుకొనును. ఈ పనికి తోడ్పడుటకై 1963లో ఆర్ట్ జెంకిన్స్ అను కాల్గరీపట్టణపు వ్యాపారి స్థాపించిన ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ పిమ్మట అనేకదేశములకు వ్యాపించినది. విజయనగరముననే లెప్రసీ మిషనువారి వృత్తివిద్యాలయము కలదు. వ్యాధి సోకిన కుటుంబముల పిల్లలకు కుట్టుపని, యంత్రపుపని మొదలగునవి నేర్పెదరు. అన్నము ఒకపూట ఆకలి తీర్చును. చెప్పులు, చూపు, పని జీవితమును నిలుపును.

తల్లులు తెలిసికొనవలసిన సంగతి యొకటి చెప్పి ముగించెదము. కుష్ఠువు శాపము కాదు, పాపఫలము కాదు, వంశముగా వచ్చునది కాదు. పిల్లల యొడలిపై స్పర్శ తెలియని, పాలిపోయిన మచ్చ కనబడినచో దాచక వెంటనే సర్కారు ఆస్పత్రికి తీసికొనిపోవలెను. పలుమందుల చికిత్స ఉచితముగా దొరకును. ఆరునెలలలోనో, సంవత్సరములోనో పూర్తిగా కుదురును. 1980 తరువాత ఆ చికిత్సను దేశమున మొదట మొదట ప్రారంభించిన జిల్లాలలో మన శ్రీకాకుళము, విజయనగరము కలవు. ఈ వ్యాధిని పురస్కరించుకొని భార్యనో భర్తనో విడనాడుటకు చట్టములో నుండిన యవకాశమును 2019లో పార్లమెంటు తొలగించినది. చట్టము మాఱినది, అరుగులు మాఱవలసియున్నది.

ఇల్లు చేరిన నాటినుండి మా వంటింట నొక చిన్నకుండ వెలసినది. కొలిచిన బియ్యములో ఒక పిడికెడు అందులో పడుచున్నది. సోదరీమణులారా! మీయింటను అట్లే చేయుడు. అది గుడికిత్తురో, చర్చికిత్తురో, మీ గుమ్మమునకు వచ్చిన వారికిత్తురో మీ యిష్టము. ఇచ్చునప్పుడు మాత్రము అరుగుపై చోటుచూపి, “నీ పేరేమమ్మా?” అని యడుగుడు. మేమడుగక పోగొట్టుకొన్న పేరు నేటికిని మాకు తెలియదు.